ఎవరో చెప్పిన లెక్క కాదు... మన లెక్క!

సర్కారు నడవాలంటే సారా అమ్మాల్సిందేనన్నారు. తాగడం మగాడి అలవాటు, భరించడం ఆడదాని తలరాత అన్నారు. నెల్లూరు జిల్లాలో అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుతున్న కూలి తల్లులు ఆ మాటల్ని నమ్మలేదు. సొంతంగా ఓ లెక్క వేసుకున్నారు. మూడు దశాబ్దాలు దాటిపోయింది. చరిత్రనైనా, రాజకీయాన్నైనా, చేతిలోని రూపాయినైనా మన బుర్రతో మనం ఆలోచించుకోవడం ఎలాగో ఆ లెక్క ఇప్పటికీ నేర్పుతూనే ఉంది.

పగలంతా నాట్లు, కలుపుతీతలు. పొద్దుగూకాక ఇంటికొచ్చి వంట. పిల్లలకు ఇంత పెట్టి, పడుకోబెట్టి, పలక పట్టుకుని బడికి బయల్దేరేవాళ్లు ఆ ఆడవాళ్లు. 1991లో నెల్లూరు జిల్లాలో ‘అక్షర దీపం’ పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. కేంద్రం 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్‌ను ఏర్పాటుచేసింది. 1990లో కేరళలోని ఎర్నాకుళం దేశంలోనే తొలి సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లా అయింది. ఆ వేడి మన జిల్లాలకూ తాకింది.

అప్పట్లో రాష్ట్రంలో నూటికి ముప్ఫై ముగ్గురు ఆడవాళ్లకైనా చదువు రాదు. వాళ్లకి ‘అల, వల, తల’ నేర్పి పంపిస్తే ఏం లాభం? అందుకే పాఠాలు వాళ్ల బతుకుల్లోంచే వచ్చాయి. చదివాక దానిమీద మాట్లాడుకోవాలి. ఎందుకిలా జరిగిందో అడగాలి. అలాంటి పాఠాల్లో ఒకటి ‘సీతమ్మ కథ’. తాగుబోతు భర్తతో ఓ పేదింటి ఇల్లాలు పడే అవస్థ అది. ఆ సీతమ్మ ఏ పురాణంలోనిదో కాదు. పక్క వీధిలో ఉంటుంది. ఒక్కోసారి పలక పట్టుకుని ఆ చాప మీదే కూర్చుని ఉంటుంది!

అప్పటిదాకా ఎవరి ఏడుపు వాళ్లది. మొగుడు తాగొచ్చి కొడితే అది ఆ ఇంటి గొడవ. అందరూ ఒకచోట కూర్చుని చదివేసరికి, ఆ గొడవ అన్ని ఇళ్లలోనూ ఉందని తెలిసింది. అన్ని ఇళ్లలోనూ ఉంటే అది తలరాత ఎలా అవుతుంది? దానికి వేరే కారణం ఉండాలి కదా! సొంత ఆలోచన మొదలైంది అక్కడే.

కారణం కోసం పెద్ద దూరం వెళ్లనక్కర్లేకపోయింది. ఊళ్లో తాగే నీళ్లకు దిక్కు లేకపోయినా సారా మాత్రం వేళకి వచ్చేది. 1980ల్లో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వం సారాను ప్యాకెట్లలో నింపించి అమ్మించడం మొదలుపెట్టింది. జేబులో పట్టే ప్యాకెట్లు. కొట్టుదాకా వెళ్లక్కర్లేదు, కొట్టే ఇంటి గుమ్మంలోకొచ్చింది. పొద్దున్నే ఒకటి, పొలం గట్టున ఒకటి, రాత్రికి మరొకటి. డబ్బుల్లేకపోతే అప్పు. అప్పు కింద కూలి డబ్బులు, ఆనక గిన్నెలూ చెంబులూ.

కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు ఒక్కటయ్యారు. ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మకు ఆ తర్వాత ఊరి పేరే ఇంటిపేరైపోయింది. కల్లు బండిని ఆపారు. సారా జీపును వెనక్కి పంపారు. అది అక్కడితో ఆగిపోతే ఓ ఊరి కథగా మిగిలేది. కానీ ఆ సంఘటనే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై మిగతా ఊళ్లకు చేరింది. దూబగుంట ఎక్కడో ఉన్న ఊరు కాదు, అక్కడి ఆడవాళ్లు తమకంటే ఎక్కువ చదువుకున్నవాళ్లూ కాదు. వాళ్లు చేయగలిగింది మనమెందుకు చేయలేం అన్న ప్రశ్న ఊరూరా పుట్టింది. 1992 నాటికి జిల్లా అంతా చీపుర్లు, కారం పొట్లాలు పట్టుకుని సారా కొట్ల ముందు నిలబడింది. వాళ్లలో ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాల కూలి మహిళలు. జిల్లాలో సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి.

రెండు పుస్తకాలు... ఒకే రూపాయి

సారా ఆపమంటే అధికారుల దగ్గర్నుంచి వచ్చే జవాబు ఒక్కటే. ‘మరి బళ్లకి, ఆస్పత్రులకి, చవక బియ్యానికి డబ్బెక్కణ్నుంచి వస్తుంది?’ వినడానికి న్యాయంగానే ఉంటుంది. లెక్కలు కూడా చూపిస్తారు. 1970-71లో రాష్ట్ర అబ్కారీ ఆదాయం 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి అది 800 కోట్లు దాటింది. ఇంత పెద్ద అంకె ముందు కూలి మనిషి నోరెత్తగలదా?

ఎత్తింది. ఎందుకంటే ఆమె ఆ లెక్కను రెండో వైపు నుంచి చూసింది. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ఇంట్లో రోజుకి పది రూపాయల సారా తాగారనుకోండి. ఏడాదికి 3,650 రూపాయలు. ఊళ్లో అలాంటి ఇళ్లు వంద ఉంటే 3,65,000 రూపాయలు. పాతికేళ్లు కాదు, ఒక్క ఏడాదికే! అంత డబ్బు ఊళ్లోంచి బయటికి పోయాక, అందులోంచి కొంత గుత్తేదారు దగ్గర, మరికొంత మధ్యలోవాళ్ల దగ్గర ఆగిపోయాక, మిగిలింది ఖజానాకు చేరుతుంది. ఖజానాలోంచి ఎన్ని చేతులు మారి, ఎంత మొత్తం మళ్లీ ఆ ఊరి బడికీ, ఆస్పత్రికీ వస్తుంది? తాగి మంచాన పడితే పోయే కూలి, ఆస్పత్రి ఖర్చు, బడి మాన్పించిన పిల్లాడి చదువు... ఇవి ఏ పుస్తకంలో రాస్తారు?

సర్కారు పుస్తకంలో ‘ఆదాయం’ అని రాసింది ఏదో, అదే ఆమె ఇంటి పుస్తకంలో ‘ఖర్చు’. రూపాయి ఒక్కటే, పుస్తకాలు రెండు. ఇన్నాళ్లూ ఒక పుస్తకాన్నే అందరూ చదివి వినిపించారు. రెండోది ఆమె తెరిచింది. ఎవరైనా అంకె చెప్పి మన నోరు మూయిస్తుంటే, ఇది ఎవరి పుస్తకంలోని అంకె అని అడగాలన్నది అక్కడ నేర్చుకోవాల్సిన తొలి పాఠం.

ఈ మాట కొత్తది కాదు

‘మద్యం లేకపోతే సర్కారు నడవదు’ అన్నది ప్రకృతి ధర్మంలా చెబుతారు. చరిత్ర తిరగేస్తే అది ఎప్పుడు, ఎవరి అవసరం కోసం పుట్టిందో తెలుస్తుంది. 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. తయారుచేసే హక్కునూ అమ్మే హక్కునూ పాడుకున్నవాడికి ఇచ్చి సొమ్ము చేసుకోవడం బ్రిటిషు ప్రభుత్వానికి మంచి రాబడి అయింది. నిజాం రాజ్యంలోనూ అబ్కారీ ప్రధాన ఆదాయాల్లో ఒకటి. తెల్లదొరలు వెళ్లిపోయారు, నవాబు వెళ్లిపోయాడు. పాట మాత్రం మిగిలింది.

మధ్యలో ఎదురు ప్రయత్నాలు లేవా అంటే ఉన్నాయి. 1937లో మద్రాసు రాష్ట్ర ప్రధాని అయిన రాజాజీ ఆ ఏడాది అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టారు. మరుసటి ఏడాది మన చిత్తూరు, కడప జిల్లాలకూ విస్తరించారు. పోయిన ఆదాయం పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. తర్వాత యుద్ధకాలంలో నిషేధాన్ని ఎత్తేశారు. మరి దాని బదులుగా వచ్చిన అమ్మకం పన్ను? అది పోలేదు! మద్యం ఆదాయానికి బదులుగా పుట్టిన పన్నూ ఉంది, మద్యం ఆదాయమూ మళ్లీ వచ్చింది. బడ్జెట్ రోజున ‘ఇది తీసేస్తే అది వేయాలి’ అని ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తుచేసుకోవాలి.

స్వాతంత్ర్యం తర్వాత 1948లో మద్రాసు రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికీ అది వారసత్వంగా దక్కింది. మరుసటి ఏడాదే దానిమీద ప్రభుత్వం పడిపోయింది. నిషేధం ఫలితమివ్వడం లేదు, ఎత్తేయమని రామమూర్తి కమిటీ సిఫారసు చేసింది. టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభుత్వం దాన్ని అమలుచేయలేదని 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం పెట్టారు. ఒకే ఒక్క ఓటు తేడాతో ‘ఆంధ్రకేసరి’ గద్దె దిగాల్సి వచ్చింది. 1960ల చివర్లో ఆంధ్ర ప్రాంతంలో నిషేధం పోయింది. ఇవన్నీ జరుగుతున్నప్పుడు మద్యనిషేధానికి ప్రయత్నించాలని చెప్పే 47వ అధికరణం రాజ్యాంగంలో అలాగే ఉంది. ఇప్పటికీ ఉంది.

ఇందులో మనకు కావాల్సిన సంగతి ఒకటుంది. నిషేధం పెట్టొచ్చని చరిత్ర చెబుతోంది. పెట్టినంత మాత్రాన నిలబడదనీ అదే చరిత్ర చెబుతోంది. రెండింట్లో మనకు నచ్చిన ముక్కను మాత్రమే తీసుకుంటే అది చరిత్ర కాదు, వకీలు వాదన.

అడిగింది ఒకటి... అందింది ఒకటి

నెల్లూరు సెగ హైదరాబాదుకు తగిలింది. పత్రికలు ఉద్యమాన్ని భుజానికెత్తుకున్నాయి. సర్వోదయ నాయకులు, మహిళా సంఘాలు, వామపక్షాలు కదిలాయి. కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993లో ముందు నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాను నిషేధించింది. 1994 ఎన్నికల్లో ఎన్టీ రామారావు సంపూర్ణ మద్యనిషేధం హామీ ఇచ్చారు. ‘వారుణి వాహిని’ తెచ్చిందీ ఆయన ప్రభుత్వమే! ఘనవిజయం సాధించి, ప్రమాణ స్వీకారం రోజున లాల్‌బహదూర్ స్టేడియంలో జనం సమక్షంలోనే ఆ దస్త్రం మీద సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది.

రెండేళ్లు తిరిగేసరికి కథ మారింది. పక్క రాష్ట్రాల నుంచి దొంగసరుకు, ఊళ్లలో నాటుసారా, ఖజానాలో లోటు. చంద్రబాబునాయుడు ప్రభుత్వం 1997లో చట్టాన్ని సవరించింది. సారా మీద నిషేధం ఉంచి, మిగతా మద్యానికి తలుపులు తెరిచింది. సారా ప్యాకెట్ పోయిన చోటికి చవక మద్యం సీసా వచ్చింది. సీసా వెనకే బెల్టుషాపూ వచ్చింది.

ఈ కథను చాలామంది రెండు మాటల్లో చెప్పేస్తారు. ‘ఎన్టీఆర్ ఇచ్చారు, చంద్రబాబు తీసేశారు’ అనో, ‘నిషేధాలు ఎప్పుడూ పనిచేయవు’ అనో. కాస్త ఆగి, అసలు ఆ ఆడవాళ్లు అడిగిందేమిటో చూద్దాం. ‘మా ఊళ్లో సారా వద్దు’ అన్నారు. అంటే తమ ఊళ్లో కొట్టు ఉండాలో వద్దో చెప్పే హక్కు తమకు కావాలన్నారు. కాపలా కాసిందీ, జీపులు ఆపిందీ, తాగొచ్చినవాడికి జరిమానా వేసిందీ వాళ్లే. ఆ హక్కును పార్టీలు ఒక హామీగా మార్చాయి. హామీ ఒక సంతకమైంది. ఊరి చేతిలో ఉన్న పని రాజధానిలోని దస్త్రంలోకి వెళ్లింది. పైనుంచి ఒక సంతకంతో వచ్చింది, పైనుంచే ఇంకో సవరణతో పోయింది. ఊళ్లో అదే ఆడవాళ్లు ఉన్నారు. అయితే ఈసారి వాళ్లను ఎవరూ అడగలేదు.

ఆ తర్వాతా ఇదే తీరు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో దశలవారీ నిషేధం హామీతో వచ్చిన ప్రభుత్వం దుకాణాలను తానే నడిపింది. 2024లో ప్రభుత్వం మారాక అవి మళ్లీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి. దుకాణం ఎవరు నడపాలన్న వాదన ఏళ్ల తరబడి సాగింది. ఆ దుకాణం మా వీధిలో ఉండాలా అన్న ప్రశ్న మాత్రం వెనకబడిపోయింది. పైగా 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల చేతిలో సొంతంగా మిగిలిన పన్నులు తక్కువ. తాగే మద్యం జీఎస్టీ బయటే ఉంది. కాబట్టి ఏ పార్టీ అధికారంలో ఉన్నా, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ ఆదాయం మీద చెయ్యి అంత తేలిగ్గా వదలదు. 2020 మే నెలలో, బళ్లూ గుళ్లూ మూసి ఉన్న లాక్‌డౌన్‌లో, మద్యం దుకాణాలే ముందు తెరుచుకోవడం మనమంతా చూశాం. దాన్ని ఒక నాయకుడి మంచిచెడ్డలుగా చూస్తే తిట్టుకోవడమే మిగులుతుంది. ఆదాయం ఎక్కణ్నుంచి వస్తోందో చూస్తే అర్థమవుతుంది.

ఈ కథలో నాయకుడెవరు?

ఈ ఉద్యమం ఎవరిది అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. అక్షరాస్యత కార్యక్రమం వల్లే వచ్చిందంటారు అధికారులు. తామే జనంలోకి తీసుకెళ్లామంటాయి పత్రికలు. తామే చట్టం చేశామంటాయి పార్టీలు. అన్నింట్లోనూ కొంత నిజముంది. ఆ పాఠం లేకపోతే మాట కలిసేది కాదు, పత్రిక లేకపోతే జిల్లా దాటేది కాదు, చట్టం లేకపోతే వేలంపాట ఆగేది కాదు.

కానీ ఈ జవాబుల్లో ఆ ఆడవాళ్లు ఎక్కడున్నారు? ‘వేలాది మంది మహిళలు’ అన్న మాటలో ఉన్నారు. నాయకులకు పేర్లు, తేదీలు, ఫొటోలు. వాళ్లకి సంఖ్య. ఒక్క రోశమ్మ పేరు మిగిలింది. ఆమె 2016లో కన్నుమూశారు. మిగతా ఊళ్లలో రాత్రిళ్లు కాపలా కాసినవాళ్లు, దెబ్బలు తిన్నవాళ్లు, కేసులు మోసినవాళ్లు ఎవరు? మన పిల్లల చరిత్ర పుస్తకంలో ఏ ఉద్యమం గురించి చదివినా, ‘పేరున్నవాళ్లు ఎవరు, సంఖ్యగా మిగిలినవాళ్లు ఎవరు’ అని అడిగించండి. పుస్తకం తప్పని కాదు. పుస్తకం ఎక్కడ నిలబడి చూస్తోందో పిల్లలకు తెలుస్తుంది.

రోజుకో రూపాయి

సారా ఆగాక ఇంట్లో నాలుగు డబ్బులు మిగిలాయి. వాటిని ఏం చేయాలి? నెల్లూరు ఆడవాళ్లే దానికీ దారి చూపారు. రోజుకో రూపాయి చొప్పున దాచుకునే ‘పొదుపులక్ష్మి’ 1993లో ఆ జిల్లాలోనే మొదలైంది. తర్వాత డ్వాక్రా, పొదుపు సంఘాలు, వెలుగు... పేర్లు మారుతూ రాష్ట్రమంతా విస్తరించాయి. బ్యాంకు గడప తొక్కని ఆడవాళ్లు సంఘం పుస్తకం పట్టుకుని మేనేజరు ఎదుట కూర్చున్నారు.

అయితే డబ్బు దగ్గర ఆలోచన ఒకసారి చేసి వదిలేసేది కాదు. పొదుపు నేర్చుకున్న ఊళ్లకే సూక్ష్మరుణ సంస్థలు వచ్చాయి. పూచీకత్తు అక్కర్లేదన్నారు, వారంవారం కడితే చాలన్నారు. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలు జరిగాయని గగ్గోలు పుట్టింది. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వాటికి కళ్లెం వేయాల్సి వచ్చింది.

అక్కడ జనం ఎక్కడ దెబ్బతిన్నారో తెలియాలంటే ఓ చిన్న లెక్క చేద్దాం. కాగితం, పెన్ను తీసుకోండి. పదివేలు అప్పు ఇచ్చి, వారానికి 230 రూపాయల చొప్పున యాభై వారాలు కట్టమన్నారనుకుందాం. మొత్తం కట్టేది 11,500. వడ్డీ 1,500. అంటే నూటికి పదిహేను, మన భాషలో రూపాయిపావలా వడ్డీ. ‘వడ్డీవ్యాపారి మూడు రూపాయలు తీసుకుంటున్నాడు, ఇది ఎంతో నయం’ అనిపిస్తుంది. కానీ ఆ పదివేలు మన దగ్గర ఏడాదంతా ఉందా? మొదటి వారం నుంచే అసలు తీరుతూ వస్తోంది. సగం వారాలు గడిచేసరికి మన దగ్గర మిగిలింది ఐదువేలే. ఏడాది మొత్తం మీద సగటున మనం వాడుకున్నది ఐదువేల చిల్లర. దానికి 1,500 వడ్డీ అంటే నూటికి దాదాపు ముప్ఫై. రూపాయిపావలా కాదు... రెండున్నర రూపాయల వడ్డీ!

అప్పిచ్చినవాడు చెప్పిన అంకెలు అబద్ధం కాదు. వారానికి 230 నిజమే, వడ్డీ 1,500 నిజమే. అతను చెప్పని అంకె ఒకటుంది, దాన్ని మనమే వేసుకోవాలి. ఈ రోజు ఫోన్లో ‘సున్నా వడ్డీ’ అంటూ వచ్చే వాయిదాల పథకానికైనా, ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుని ఇచ్చే అప్పుకైనా ఇదే లెక్క పనికొస్తుంది. చేతికి ఎంత వచ్చింది, ఎన్నాళ్లు మన దగ్గర ఉంది, మొత్తం ఎంత కట్టాం... ఈ మూడూ తెలిస్తే చాలు.

గెలిచారా... ఓడారా?

ఇన్నేళ్ల తర్వాత వెనక్కి చూసి, మద్యం దుకాణాలు అలాగే ఉన్నాయి కాబట్టి ఆ ఉద్యమం ఓడిపోయిందనేవాళ్లున్నారు. సారా ప్యాకెట్ మళ్లీ రాలేదు కాబట్టి గెలిచిందనేవాళ్లూ ఉన్నారు. ప్రగతిని ఇలా ఒకే గీటురాయి మీద రుద్దితే మిగతావి కనబడవు.

1991 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో మహిళల అక్షరాస్యత 33 శాతం లోపే. 2001 నాటికి 50 శాతం దాటింది. అది ప్రగతే. కానీ జనాభా లెక్కల ఉద్యోగి రాసుకునేది చదవడం, రాయడం వచ్చా అన్నదొక్కటే. చదివినదాన్ని ప్రశ్నించడం వచ్చా అన్నదానికి ఆ కాగితంలో గడి లేదు. దూబగుంట ఆడవాళ్లలో చాలామంది కూడబలుక్కుని చదివే దశలోనే ఉన్నారు. పట్టభద్రులైన మనం ఇంటికొచ్చిన మేనిఫెస్టోను ఎన్నిసార్లు చివరిదాకా చదివాం?

వాళ్లు సాధించిన వాటిలో ఏ లెక్కకూ అందనిది ఒకటుంది. కొట్టడం, కొట్టించుకోవడం ఇంటి గొడవ కాదని ఊరంతా ఒప్పుకోవడం. వేలంపాట అనే సర్కారీ తంతుకు ఊళ్లో ఆడవాళ్ల అనుమతి కూడా కావాల్సి రావడం. అది చట్టం ఇచ్చింది కాదు, కాబట్టి చట్టం తీసేయగలిగిందీ కాదు.

ఇంటిల్లిపాదీ అడిగి చూడండి

ఈ ఆదివారం భోజనాలయ్యాక పేపర్లోంచి ఏదో ఒక వార్త తీసుకోండి. పిల్లల్నీ, పెద్దవాళ్లనీ కూర్చోబెట్టి ఈ ప్రశ్నలు వేయండి.

* అంకె కనిపిస్తే... ఇది ఎవరి పుస్తకంలోది? ఇదే రూపాయి ఇంకొకరి పుస్తకంలో ఏ వరసలో ఉంటుంది?

* ‘ఎప్పుడూ ఇంతే’ అంటే... ఎప్పట్నుంచి? అంతకుముందు ఎలా ఉండేది? మార్చింది ఎవరు?

* హామీ వినిపిస్తే... జనం అడిగింది ఇదేనా? దీన్ని తిరిగి లాగేసుకునే అధికారం ఎవరి చేతిలో ఉంటుంది?

* అప్పు, పథకం, పెట్టుబడి అంటే... చెప్పిన అంకెలు సరే, చెప్పని అంకె ఏది?

* విజయగాథ చదివితే... పేరు లేకుండా మిగిలిపోయినవాళ్లు ఎవరు?

* చివరగా, మనకు బాగా నచ్చిన నాయకుడి విషయంలోనూ ఇవే ప్రశ్నలు వేశామా?

ఆఖరి ప్రశ్నే అన్నింటికంటే కష్టం. నచ్చనివాడిని ప్రశ్నించడానికి సొంత బుర్ర అక్కర్లేదు, ఎదుటి పార్టీ అరువిస్తుంది. మనవాడనుకున్నవాడి దగ్గర కూడా కాగితం, పెన్ను తీయగలిగితేనే ఆ లెక్క మనది. నెల్లూరు ఆడవాళ్లు లెక్క అడిగింది ఎవరో పరాయివాడిని కాదు. కట్టుకున్నవాడిని, కన్నకొడుకుని, ఓటేసి గెలిపించుకున్న ప్రభుత్వాన్ని.